కొండెక్కే కెమెరాకు ఎంత బరువు కావాలి?

కోల్‌కతాలోని ‘బోర్న్ అండ్ షెపర్డ్’ ఫొటో స్టూడియో 2016లో మూతపడింది. ఆ పేరులోని శామ్యూల్ బోర్న్ 1866లో హిమాలయాల్లో మణిరంగ్ కనుమ దగ్గర, 18,000 అడుగులకు పైన ఫొటోలు తీశారు. అప్పట్లో గాజు పలకకు రసాయనం పూసి, తడి ఆరేలోగా ఫొటో తీసి, అక్కడే డెవలప్ చేయాలి. పలకలు, సీసాలు, చీకటి గుడారం అన్నీ కూలీల వీపుల మీదే కొండెక్కేవి.

ఇప్పుడు ఆ సామానంతటి పనీ సెన్సర్ చేస్తోంది. మిగిలిన బరువులో పెద్ద వాటా లెన్స్‌దే. 70 మి.మీ. ఫోకల్ దూరం దగ్గర ఎఫ్/2.8కు కాంతి ద్వారం 25 మి.మీ. వెడల్పు ఉండాలి, ఎఫ్/4కు 17.5 మి.మీ. చాలు. వెడల్పు కొంచెం పెరిగినా గాజు బరువు బాగా పెరుగుతుంది. తమాషా ఏమిటంటే, దగ్గరి రాయి, దూరపు శిఖరం రెండూ స్పష్టంగా రావాలని ప్రకృతి దృశ్యాలను ఎక్కువగా ఎఫ్/8, ఎఫ్/11 దగ్గరే తీస్తారు. అంటే మోసుకెళ్లిన పెద్ద ద్వారాన్ని అక్కడ మూసేయడమే! రాత్రి నక్షత్రాలను తీసేవారికి మాత్రం అది అవసరం.

అందుకే కోల్‌కతా నుంచి 3,636 మీటర్ల సందక్‌ఫూకు నడిచి వెళ్లేవారికి చిన్న మిర్రర్‌లెస్ కెమెరా, ఒక ఎఫ్/4 జూమ్ సరిపోతాయి. తెల్లవారుజామున కాంచనజంగను తీయాలంటే షటర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి కాబట్టి, తేలికపాటి ట్రైపాడ్‌ను మాత్రం ఇంట్లో వదిలేయకూడదు.