క్రైస్తవుడు వడ్డీ తీసుకోవచ్చునా?

మన గ్రామ సంఘాల్లో తరచుగా వినబడే ప్రశ్న ఇది. పంట అమ్మిన తరువాత నాలుగు డబ్బులు మిగిలిన విశ్వాసి దగ్గరకు, ఆయనతో కలిసి ప్రభువు బల్లలో పాలుపొందే సహోదరుడే అప్పుకోసం వస్తాడు. బిడ్డకు జబ్బు చేసి ఉండవచ్చు, విత్తనాలకు పైకం చాలక ఉండవచ్చు. “ఊళ్లో నడిచే వడ్డీయే వేసుకుందాం” అని మాట అవుతుంది. ప్రోనోటు మీద సంతకం పడుతుంది. ఇందులో తప్పున్నదా?

కొందరు “వడ్డీ అంటేనే పాపం” అంటారు. మరికొందరు “బ్యాంకు తీసుకోవడం లేదా? మన కష్టార్జితం ఊరకే ఇవ్వాలా?” అంటారు. ఈ రెండు మాటలకూ తొందరపడి తల ఊపకుండా, దేవుని వాక్యం ఏమంటున్నదో చూద్దాం.

ధర్మశాస్త్రం ఎవరిని తలచుకొన్నది?

నిర్గమ. 22:25, లేవీ. 25:35-37 వచనాలు చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. అక్కడ అప్పు అడిగేవాడు వ్యాపారం పెంచుకోవాలనుకొనేవాడు కాదు, బీదవాడై చెయ్యి ఆడని సహోదరుడు. అతని ఆకలి మనకు లాభం కాకూడదని దేవుని ఉద్దేశం. పాత నిబంధనలో వడ్డీకి వాడిన హెబ్రీ మాటల్లో ఒకటి ‘నెషెక్’. కాటు వేయడం అనే అర్థమున్న మాటకు అది చుట్టం. అప్పులపాలైన కుటుంబానికి ఈ అర్థాన్ని వేరే వివరించనక్కరలేదు.

తాకట్టు విషయంలోనూ దేవుడు హద్దులు పెట్టాడు. బీదవాని పైబట్టను కుదువ పెట్టుకొంటే సూర్యుడు అస్తమించేలోగా తిరిగి ఇచ్చివేయాలి. తిరుగటిని తాకట్టు పట్టకూడదు, ఎందుకంటే ఆ ఇంటి బ్రతుకే దానిమీద ఆధారపడి ఉంది. అప్పిచ్చినవాడు కుదువ వస్తువుకోసం ఎదుటివాని ఇంట్లోకి చొరబడకూడదు, బయటనే నిలబడాలి (ద్వితీ. 24:6, 10-13). అప్పుపడినంత మాత్రాన ఎవరి గౌరవమూ పోదు. వాకిలి దాటి లోపలికి వెళ్లి, భార్యాబిడ్డల ఎదుట కేకలు వేసే హక్కు ఎవరికీ లేదు.

నెహెమ్యా కోపం

నెహెమ్యా 5వ అధ్యాయాన్ని ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. యెరూషలేము గోడ కడుతున్న రోజులవి. కరువులో ధాన్యంకోసం ప్రజలు పొలాలు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువ పెట్టారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పులు చేశారు. చివరకు కుమారులను, కుమార్తెలను దాసులుగా అప్పగించవలసి వచ్చింది. అప్పిచ్చినవారు పరాయివారు కాదు, స్వజనులే. ఒక పక్క దేవుని పని జరుగుతున్నది, మరో పక్క ఆ పని చేసేవారి పొలాలు చేతులు మారుతున్నాయి.

నెహెమ్యా కోపించి, పెద్దలను సభలో నిలదీశాడు. పొలాలతోపాటు, వారు వసూలు చేస్తున్న నూరవ భాగాన్ని కూడా తిరిగి ఇవ్వమన్నాడు. ఆ నూరవ భాగం నెలకు చెల్లించినదేనని చాలామంది వ్యాఖ్యాతలు భావిస్తారు. అలాగైతే అది మన లెక్కలో నూటికి రూపాయి వడ్డీ, అంటే ఏడాదికి నూటికి 12. మన ఊళ్లలో అది ‘ధర్మవడ్డీ’లా వినబడుతుంది! మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చుకొన్నవాడు నెలకు 300, ఏడాదికి 3,600 కట్టాలి. మూడేళ్లు నిండేసరికి 10,800 కట్టి ఉంటాడు. అసలు మాత్రం అలాగే ఉంటుంది. నెహెమ్యా ఈ లెక్క చూస్తే ఏమనేవాడు?

తలాంతుల మాటేమిటి?

తలాంతుల ఉపమానంలో యజమానుడు సొమ్మును సాహుకారుల దగ్గర ఉంచితే వడ్డీ వచ్చేదని అంటాడు కదా (మత్తయి 25:27) అని కొందరు అడుగుతారు. ఆ ఉపమానం నమ్మకత్వాన్ని గురించినది, అప్పుల నియమం నేర్పడానికి చెప్పినది కాదు. అయినా మిగులు సొమ్మును బ్యాంకులో వేసి వడ్డీ పొందడాన్ని ప్రభువు అక్కడ ఖండించలేదు కూడా.

సంఘం ఈ విషయాన్ని మొదటినుండీ ఆలోచిస్తూనే ఉన్నది. క్రీ.శ. 325లో నీకయ సభ, వడ్డీ తీసుకొనే పాదిరులను సేవనుండి తొలగించాలని నిర్ణయించింది. 16వ శతాబ్దంలో జాన్ కాల్విన్, వడ్డీ అంతటినీ ఒకే గాటన కట్టలేమని చెప్పాడు. వ్యాపారానికి తీసుకొన్న సొమ్ముమీద మితమైన వడ్డీ ఉండవచ్చుగాని, అవసరంలో ఉన్న బీదవాని దగ్గర తీసుకోకూడదన్నాడు. ఈ తేడా మనకూ దారి చూపుతుంది. ట్రాక్టరు కొనుక్కొనేవాని అప్పు వేరు, ఆసుపత్రి మంచం దగ్గరనుండి వచ్చినవాని అప్పు వేరు.

తీసుకొన్నవారి వంతు

వాక్యం అప్పిచ్చినవారితోనే మాట్లాడి ఊరుకోదు. అప్పు తీసుకొని తీర్చనివాడిని కీర్తన 37:21 భక్తిహీనుల వరుసలో నిలబెట్టింది. ఎలీషా కాలంలో విధవరాలి నూనె పాత్రలు నిండినప్పుడు, ముందు అప్పు తీర్చి, మిగిలినదానితో బ్రతకమని ప్రవక్త చెప్పాడు (2 రాజులు 4:7). “మనవాడే కదా, అడగడులే” అనుకోవడం కూడా దొంగతనానికి దగ్గరే. తిరిగి రాని అప్పులే చాలామంది విశ్వాసుల చేతులు బిగుసుకుపోయేలా చేశాయి. పంట పోయి తీర్చలేకపోతే ముఖం చాటు వేయక, వెళ్లి చెప్పడం క్రైస్తవ మర్యాద. పెళ్లిలో గొప్ప చూపించుకోవడానికి అప్పు చేయడం అసలే తగదు.

సంఘం ఏమి చేయగలదు?

జర్మనీలో 1846-47 కరువు చలికాలంలో రైఫైజన్ అనే క్రైస్తవుడు తన గ్రామాధికార పరిధిలోని కలిగినవారిని కూడగట్టి, బీదలకు రొట్టె అందేలా ఒక సంఘం పెట్టాడు. తరువాత అతడు నడిపిన పరపతి సంఘాల్లో ఊరివారే ఒకరికొకరు పూచీ. ఆ గ్రామ బ్యాంకుల పద్ధతిని మద్రాసు ప్రభుత్వం కోరికపై ఫ్రెడరిక్ నికల్సన్ పరిశీలించి, 1895లో నివేదిక ఇచ్చాడు. 1904లో మన దేశానికి సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఒక విశ్వాసి పొరుగువారి ఆకలిని చూచి చేసిన పని ఎంత దూరం వచ్చిందో చూడండి.

పిడికెడు బియ్యం కానుక మన స్త్రీలకు కొత్త కాదు. అలాగే ప్రతి కుటుంబం నెలకు కొద్దిగా వేసి, జబ్బుకూ విత్తనాలకూ వడ్డీలేని చేబదులు ఇచ్చే నిధి చిన్న సంఘం కూడా పెట్టుకోవచ్చు. దానికి పుస్తకం ఉండాలి, ఇద్దరు ముగ్గురు పెద్దలు లెక్క చూడాలి, తిరిగి ఇచ్చే గడువు ముందే చెప్పాలి. లెక్క లేని చోట ప్రేమ కూడా తగవులపాలవుతుంది.

ఇక ఎవరైనా మన వాకిట్లో అప్పుకోసం నిలబడినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకొందాం. ఇతడు లాభంకోసం అడుగుతున్నాడా, గండం గట్టెక్కడానికా? పంట పోతే నష్టమంతా అతనిదేనా, మనమూ కొంత భరిస్తామా? తిరిగి రాదని తెలిసినా ఇవ్వగలిగినంత ఎంత? లూకా 6:35లో ప్రభువు తిరిగి వస్తుందనే ఆశ లేకుండా అప్పివ్వమన్నాడు. పదివేలు అలా ఇవ్వలేకపోతే వెయ్యి ఇద్దాం. ఆ వెయ్యి మీద మాత్రం వడ్డీ వేయకుందాం.