చిట్టా నుండి టాలీకి మారే ముందు

పుదుచ్చేరి వైట్ టౌన్‌లోని ఒక చిన్న సంస్థ చిట్టా, ఆవర్జాలను వదిలి టాలీ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నదనుకుందాం. మొదట నేర్వవలసినది మీటలు కాదు, రాష్ట్ర కోడు. 2017 జూలై 1 నుండి అమలైన జీఎస్టీలో పుదుచ్చేరి కోడు 34, తమిళనాడుది 33. వందల కిలోమీటర్ల దూరాన ఉన్న మన యానాం కూడా 34 క్రిందికే వస్తుంది. అందువల్ల యానాంకు పంపిన సరుకుపై సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. చేరువలోని కడలూరుకు పంపితే ఐజీఎస్టీ వర్తిస్తాయి.

రాష్ట్రాన్ని తప్పుగా నమోదు చేస్తే కంప్యూటరు ఆ తప్పునే లెక్కిస్తుంది. అప్పుడు సరైన పన్ను మరల చెల్లించి, మొదటి సొమ్ముకు వాపసు కోరవలసి వస్తుంది. అందాక పెట్టుబడి స్తంభిస్తుంది. కనుక కొనుగోలుదారు జీఎస్టీ నంబరులోని మొదటి రెండంకెలను సరిచూడండి. తొలి మూడు నెలలు చేతి పుస్తకం మానకండి. రెండింటి నిల్వలు సరిపోలిన పిదపనే సరుకు నిల్వల పట్టికను బ్యాంకుకు సమర్పించండి.