పాత కారులో చల్లదనం ఎందుకు తరుగుతుంది?

కువైట్ ఎడారిలోని మిత్రిబా వద్ద 2016 జూలై 21న ఉష్ణోగ్రత 53.9 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించిన అత్యధిక ఉష్ణోగ్రతలలో ఇది ఒకటి. సముద్రతీరాన ఉన్న సల్వాలో ఎండకు గాలిలోని తేమ కూడా తోడవుతుంది. ఇక్కడి తెలుగు కుటుంబాలకు కారులోని ఏసీ విలాసం కాదు. పసిపిల్లలను బడికీ, స్వదేశం నుండి వచ్చిన వృద్ధ తల్లిదండ్రులను ఆసుపత్రికీ క్షేమంగా చేర్చవలసిన సాధనమది. అయితే కారు పాతబడినకొద్దీ ప్రతి వేసవిలోనూ ఒకటే తంతు: చల్లదనం తగ్గడం, గారేజీలో గ్యాసు నింపించడం, కొద్ది వారాలకే మళ్ళీ వేడిగాలి రావడం. దీనికి కారణం తెలియాలంటే ఆ యంత్రం పనిచేసే తీరు తెలియాలి.

ఏసీ చల్లదనాన్ని సృష్టించదు. కారు లోపలి వేడిని బయటకు మోసుకుపోతుంది. మట్టికుండ పైకి ఊరిన నీరు ఆవిరవుతూ కుండలోని నీటిని చల్లబరచినట్లే, కూలింగ్ కాయిల్‌లోని ద్రవం ఆవిరవుతూ లోపలి వేడిని గ్రహిస్తుంది. ఈ ద్రవాన్నే వాడుకలో గ్యాసు అంటారు. ఆ ఆవిరిని కంప్రెసర్ అదిమి, రేడియేటర్ ముందున్న కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ అది వేడిని వదలి తిరిగి ద్రవమవుతుంది. ఆపై సన్నని వాల్వ్ దాటగానే పీడనం పడిపోయి మళ్ళీ ఆవిరి కావడానికి సిద్ధమవుతుంది.

బయటి గాలికంటె కండెన్సర్ వేడిగా ఉంటేనే అది వేడిని వదలగలదు. నేటి పాత కార్లలో విరివిగా ఉన్న ఆర్-134ఎ అనే గ్యాసు 60 డిగ్రీల వద్ద ద్రవం కావాలంటే వాతావరణ పీడనానికి దాదాపు 17 రెట్ల పీడనం కావాలి. దుమ్ముతో కండెన్సర్ రెక్కలు పూడుకుపోయినా, ఫ్యాను మందగించినా ఆ పీడనం మరింత పెరిగి కంప్రెసర్ దెబ్బతింటుంది. కనుక తొలి చికిత్స ఖర్చులేనిది: ఇంజను చల్లారిన తరువాత ఆ రెక్కలను నీటితో సున్నితంగా కడగడం, ఫ్యాను తిరుగుతున్నదో లేదో చూడడం.

ముఖ్యంగా గ్రహించవలసినది మరొకటి ఉంది. గ్యాసు పెట్రోలు వలె ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలోనే తిరుగుతూ ఉంటుంది. ఏటేటా తగ్గుతున్నదంటే ఎక్కడో కారుతున్నదనే అర్థం. కంప్రెసర్ సీలు, అతుకుల వద్ద రబ్బరు వాషర్లు, తుప్పు పట్టిన కండెన్సర్ సాధారణంగా లీకయ్యే చోట్లు. గ్యాసుతో పాటు కంప్రెసర్‌కు కావలసిన నూనె కూడా కారిపోతుంది. లీకును సరిచేయకుండా గ్యాసు నింపడం చిల్లికుండలో నీరు పోయడమే.

సక్రమమైన మరమ్మతుకు ఒక వరుస ఉంది. మొదట రంగుద్రవంతోనో, గ్యాసును పసిగట్టే పరికరంతోనో లీకును గుర్తించాలి. దానిని బాగుచేసి, తేమను పీల్చే డ్రయర్‌ను మార్చాలి. పిదప వాక్యూమ్ పంపుతో గాలిని తోడివేయాలి. పీడనం వాతావరణ పీడనంలో ముప్పయ్యో వంతుకు తగ్గితే నీరు 25 డిగ్రీల వద్దే మరిగి ఆవిరై పోతుంది. తేమ మిగిలితే వాల్వ్ వద్ద మంచుగా గడ్డకట్టి దారి మూసివేయగలదు. చివరకు బానెట్ కింద చీటీపై ముద్రించిన బరువు ప్రకారమే గ్యాసును తూచి నింపాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది.

లీకైన గ్యాసు ఆకాశంలో కలిసిపోయి ఊరకుండదు. 1990ల మధ్య వరకూ కార్లలో వాడిన ఆర్-12 వంటివి ఓజోన్ పొరను హరిస్తాయని మొలీనా, రోలండ్ 1974లో హెచ్చరించారు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం వాటి ఉత్పత్తికి కళ్ళెం వేసింది. వాటి స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌కు హాని చేయదు గాని, నూరేళ్ళ లెక్కన భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకంటె దాదాపు 1,400 రెట్లు శక్తిమంతమైనది. దీని వంటి వాయువుల తగ్గింపునకే 2016లో కిగాలీ సవరణ జరిగింది. చవక అని వంటగ్యాసు వంటి మండే వాయువులను నింపడం ఎంతమాత్రం తగదు. లీకైతే కారులోనే నిప్పు రాజుకోగలదు.

చలికాలంలో సైతం వారానికొకమారు పది నిమిషాలు ఏసీ నడిపితే నూనె అంతటా ప్రసరించి సీళ్ళు ఎండిపోవు. వేసవిలో గారేజీకి వెళ్ళినప్పుడు “గ్యాసు ఎంత?” అని కాక “లీకు ఎక్కడ?” అని అడగడం కుటుంబానికీ, భూమికీ మేలు.