పార్వతీశానికి మీ ఊరి లైబ్రరీలో చోటు

పిల్లలకి ఏ తెలుగు పుస్తకాలు ఇవ్వాలో రాయమని మన సంఘం సంచిక కమిటీవారు అడిగారు. నేను పబ్లిక్ లైబ్రరీలో క్యాటలాగ్ పని చేసేవాణ్ణి. కాబట్టి పుస్తకాల పేర్లతో పాటు, ఆ పుస్తకాలు ఇక్కడ అమెరికా లైబ్రరీలో బతికి బట్టకట్టే దారి కూడా చెప్తాను. రెండోది తెలియక మనవాళ్లు ఎంతో ప్రేమతో తెప్పించిన పుస్తకాలు పోగొట్టుకుంటున్నారు.

ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య వయసులో పిల్లలకి కావలసింది నవ్వూ సాహసమూ కలిసిన కథ. హ్యారీ పాటర్నీ పెర్సీ జాక్సన్నీ అట్టలు ఊడేదాకా చదివే మన పిల్లలు, అలాంటివి తెలుగులో ఉండవనుకుంటారు. పెద్దవాళ్లలో కూడా చాలామందికి అదే అభిప్రాయం. గోదావరి ఒడ్డున పుట్టినవాడిగా నేనది ఒప్పుకోను.

నరసాపురం పక్కన ఉన్న మొగల్తూరు పేరు చెప్పగానే అందరికీ కృష్ణంరాజు గారూ చిరంజీవి గారూ గుర్తొస్తారు. వాళ్లిద్దరూ పుట్టకముందే ఆ ఊరికి పేరు తెచ్చిన కుర్రాడు ఇంకొకడున్నాడు: వేమూరి పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924లో వచ్చింది. శాస్త్రిగారిది గుండుగొలను. 1892లో పుట్టారు. ఎడింబరో వెళ్లి వ్యవసాయశాస్త్రం చదువుకున్నారు. అందుకే ఆ ప్రయాణంలో ప్రతి మలుపూ కళ్లారా చూసి రాసినట్టుంటుంది.

పార్వతీశం ఇంట్లో చెప్పకుండా బయల్దేరతాడు. నరసాపురంలో స్టీమరెక్కి నిడదవోలు, అక్కణ్ణుంచి రైల్లో చెన్నపట్నం, కొలంబోలో ఓడ, ఆ తర్వాత మార్సేల్స్, పారిస్, లండన్. పళ్లు తోముకోవడానికి కచికలు, తాటాకు ముక్కలు మూటగట్టుకుని మరీ వెళ్తాడు. దొరలాగా ఉండాలని టోపీ కొంటే అది ఆడవాళ్ల టోపీ. పిల్లలు ఇక్కడ పగలబడి నవ్వుతారు. కానీ వాడు తెలివితక్కువవాడు కాదు. కొత్తచోట మర్యాదలు తెలియవు, అంతే. ఎవరు నవ్వినా వెనక్కి తిరిగిపోడు. సెలవులకి తాతగారి ఊరు వెళ్లినప్పుడు ఏం మాట్లాడితే ఎవరు నవ్వుతారోనని బెరుకుగా తిరిగే మన పిల్లలకి వాడు వెంటనే స్నేహితుడవుతాడు. వేరే ఏ భాష పుస్తకమూ వాళ్లకి ఇంత దగ్గరగా రాదని నా నమ్మకం.

ఒక్క సలహా. ఈ వయసు వాళ్లకి మొదటి భాగం ఒక్కటే ఇవ్వండి. మిగతా రెండు భాగాలూ శాస్త్రిగారు చాలా ఏళ్ల తర్వాత రాశారు. చదువు, పెళ్లి, జాతీయోద్యమం వాటిలోకి వస్తాయి. అవి కాలేజీ వయసులో బాగుంటాయి. మొదటి కొన్ని ప్రకరణాలు మీరే పైకి చదివి వినిపించండి. వందేళ్లనాటి మాటలు కంటికి కష్టంగా ఉంటాయి గానీ చెవికి తేలిగ్గానే ఎక్కుతాయి.

మాయలూ మాంత్రికులూ కావాలంటే దాసరి సుబ్రహ్మణ్యం గారున్నారు. చందమామలో 1954లో మొదలైన ‘తోకచుక్క’ ఆయనదే. కుండలినీ ద్వీపం సేనాని సమరసేనుడు, నాలుగు కళ్ల చతుర్నేత్రుడు, ఒంటికన్ను ఏకాక్షి... ఒక తరం నెలనెలా పోస్టుమాన్ కోసం వీధరుగు మీద కాచుక్కూర్చుంది వీళ్ల కోసమే. తర్వాత ‘మకర దేవత’, ‘రాకాసి లోయ’, ‘పాతాళ దుర్గం’, ‘భల్లూక మాంత్రికుడు’ వచ్చాయి. చిత్రా గారి బొమ్మలు వాటికి సగం ప్రాణం. అంత చేసినా సీరియల్ కింద సుబ్రహ్మణ్యం గారి పేరు పత్రికలో ఉండేది కాదు. ఇప్పుడవి ఆయన పేరుతోనే పుస్తకాలుగా దొరుకుతున్నాయి. పేరు లేకుండానే ఆయన అవన్నీ రాశారని మన పిల్లలకి తప్పకుండా చెప్పాలి. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ గారి ‘బుడుగు’, దానికి నరసాపురంలో పుట్టిన బాపుగారి బొమ్మలు ఉండనే ఉన్నాయి. అందులో సాహసయాత్రలు లేవు. తెలుగు పిల్లాడు నోరు విప్పితే ఎలా ఉంటుందో అందులో ఉంది.

ఇక అసలు సంగతి. కొన్నేళ్ల కిందట మా ప్రాంతంలో తెలుగు కుటుంబాలన్నీ కలిసి ఒక లైబ్రరీకి పెట్టెలకొద్దీ పిల్లల పుస్తకాలు ఇచ్చాయి. ఇండియా నుంచి సామాన్లలో బరువు సర్దుకుని తెచ్చినవి, కొన్నయితే తాతగార్లు తమ పేర్లు రాసి పంపినవి. కొంతకాలానికి అవన్నీ పాత పుస్తకాల అమ్మకం బల్ల మీద తేలాయి. పిల్లలు అడగలేదా అంటే, అడిగారు. అమ్మలు కంప్యూటర్లో వెతికి, లేవనుకుని వెళ్లిపోయారు. అప్పటికి పుస్తకాలు షెల్ఫులోనే ఉన్నాయి. ఆ బల్ల దగ్గర నిలబడితే నాకు కలిగిన బాధ ఇంకా పోలేదు.

జరిగిందిది. అమెరికా లైబ్రరీలు తెలుగు పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చడానికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కలిసి పెట్టిన పట్టిక వాడతాయి. ఆ పట్టికలో ‘చ’కి ఒక్క సీ మాత్రమే, పక్కన హెచ్ ఉండదు. దీర్ఘానికి అక్షరం రెండుసార్లు రాయరు, పైన గీత పెడతారు. ‘శ’కి ఎస్ మీద చిన్న గీత. మనం పార్వతీశం అని కొట్టేటప్పుడు ‘తీ’కి రెండు ఈలు పెడతాం, క్యాటలాగ్‌లో అక్కడ ఐ ఉంటుంది. బారిస్టర్‌ని ఇంగ్లీషు మాటలాగా రెండు ఆర్‌లతో కొడతాం, అక్కడ తెలుగు పలుకుబడి ప్రకారం ఒక్కటే ఉంటుంది. చందమామకి మనం హెచ్ పెడతాం, వాళ్లు పెట్టరు. చాలాచోట్ల వెతికేటప్పుడు పైగీతలు లేకపోయినా పరవాలేదు గానీ అక్షరమే మారితే పుస్తకం దొరకదు. తెలుగు లిపిలో కొడితే దొరకాలంటే ఆ రికార్డులో ఎవరో తెలుగు లిపి కూడా ఎక్కించి ఉండాలి. చిన్న లైబ్రరీల్లో తెలుగు చదివేవాళ్లు ఉండరు కాబట్టి అది తరచూ ఖాళీగానే ఉంటుంది.

దొరకని పుస్తకాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు. కొన్నాళ్లు ఎవరూ తీసుకెళ్లని పుస్తకాన్ని షెల్ఫు నుంచి తీసేయడం ఇక్కడ మామూలు పద్ధతి. అందులో మన భాష మీద చిన్నచూపేమీ లేదు. లెక్క సున్నా చూపిస్తుంది, పుస్తకం బయటికి పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లల పుస్తకమని ఎవరూ చెప్పకపోతే పార్వతీశం పెద్దవాళ్ల పరభాషా విభాగంలో కూర్చుంటాడు. పదేళ్ల పిల్ల ఆ వరసలోకి అడుగు పెట్టదు. అసలు దానమిచ్చిన పుస్తకం షెల్ఫుకి వెళ్తుందన్న హామీ కూడా లేదు. చాలా లైబ్రరీలు దానాల్ని నేరుగా అమ్మకానికే పంపుతాయి.

కాబట్టి ముందు లైబ్రేరియన్‌తో మాట్లాడండి. వాళ్లు ఒప్పుకున్నాకే పుస్తకాలివ్వండి. వాళ్లు దానం తీసుకోం అంటే, కొనమని కోరే ఫారం ఉంటుంది, అది నింపండి. ఇచ్చే ప్రతి పుస్తకంలో ఒక కాగితం పెట్టండి. దాని మీద పేరు తెలుగులో, పట్టిక ప్రకారం, మనం మామూలుగా రాసే పద్ధతిలో, మూడు రకాలుగానూ ఉండాలి. రచయిత పేరూ అంతే. ఏ వయసు పిల్లలకో, కథేమిటో రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాయండి. మనం వాడే స్పెల్లింగుని ‘మారు పేరు’గా చేర్చమని అడగండి. క్యాటలాగ్‌లో దానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంది, 246 అంటే వాళ్లకి తెలుస్తుంది. తెలుగు లిపి గడి 880. ఈ రెండు అంకెలూ రాసి పెట్టుకోండి. పాత ముద్రణలకి ఐఎస్‌బీఎన్ ఉండకపోవచ్చు, దొరికితే కొత్త ముద్రణే ఇవ్వండి. మీరు వెతికేటప్పుడు మొక్కపాటి అని కొట్టండి, రెండు పద్ధతుల్లోనూ అక్షరాలు ఒకటే. సుబ్రహ్మణ్యం అన్నప్పుడు మధ్యలో హెచ్ వదలకండి.

ఎడింబరో దాకా వెళ్లొచ్చి కూడా తన జిల్లా మాటలోనే కథ చెప్పిన మొక్కపాటి వారు మనకి దారి చూపించినవారు. మనం పిల్లలకి కూచిపూడి నేర్పిస్తున్నాం, త్యాగరాజ ఆరాధనకి తీసుకెళ్తున్నాం, సంతోషం. తెలుగులో నవ్వుకోవడం కూడా వాళ్లకి అందాల్సిన ఆస్తే. పెద్దబాలశిక్ష ముందుపెట్టి కూర్చోబెడితే మొహం చాటేసే పిల్లలు పార్వతీశం టోపీ కోసం తర్వాతి పేజీ తిప్పుతారు.

ఈ వేసవిలో ప్రతి కుటుంబమూ మీ ఊరి లైబ్రరీలో ఒక తెలుగు పిల్లల పుస్తకం హోల్డ్ పెట్టండి. ఇంట్లో అదే పుస్తకం ఉన్నా సరే, అక్కణ్ణుంచి తీసుకెళ్లి చదివి తిరిగివ్వండి. మీరు తీసుకెళ్లిన ప్రతిసారీ ఆ పుస్తకం లెక్కలో ఒకటి చేరుతుంది. కాగితం నమూనా కావలసినవారు మన సంఘం గ్రంథాలయ బృందాన్ని అడగండి, పట్టిక ప్రకారం పేర్లు నేను రాసిస్తాను.