నాలుగు చింతగింజలు, ఒక సుద్దముక్క

2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఇచ్చారు. మొత్తం 49 రోజులు. అన్ని రోజులు పిల్లలకు కాలక్షేపం ఎలా అన్నది ప్రతి ఇంట్లోనూ ఉండే దిగులే. డబ్బున్న వాళ్లు సమ్మర్ క్యాంపులో చేరుస్తారు, లేని వాళ్లు ఫోన్ చేతికిస్తారు. ఈ రెండూ కాక మూడో దారి మన వంటింట్లోనే ఉంది.

అష్టాచెమ్మానే తీసుకోండి. నేల మీద సుద్దముక్కతో 5 వరుసలు, వరుసకు 5 గళ్లు గీస్తే పటం సిద్ధం. నలుగురు ఆడొచ్చు, తలా 4 పావులు. గవ్వలు లేకపోతే 4 చింతగింజల్ని ఒకపక్క తెల్లబడేదాకా గచ్చు మీద అరగదీయాలి. ఆ పని పిల్లలకే అప్పగించండి, ఓ పూట గడిచిపోతుంది. ఎన్ని గింజలు తెల్లగా పడితే అన్ని గళ్లు నడవాలి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ నల్లగా పడితే అష్ట, అంటే 8. ఈ రెంటికీ ఇంకో పందెం వేసుకోవచ్చు.

నాలుగు గింజలు 16 రకాలుగా పడగలవు. అందులో 2 పడే దారులు 6. ఒకటికి 4, మూడుకి 4. చెమ్మకు ఒకటే, అష్టకూ ఒకటే. అష్ట పడ్డప్పుడు పిల్లలు ఎగిరి గంతేయడంలో న్యాయం ఉంది. సగటున పందేనికి 2.5 గళ్లు, అదనపు పందేలతో కలిపి వంతుకు దాదాపు 2.9 గళ్లు నడుస్తారు. ఒక పావు పండాలంటే బయటి చుట్టు, లోపలి చుట్టు తిరిగి నడిమి గడి చేరడానికి 24 అడుగులు, నాలుగూ పండాలంటే 96. అంటే ఒక్కొక్కరికి 33 వంతులైనా కావాలి, నలుగురికీ కలిపి 130 దాటుతుంది. వంతుకు అర నిమిషం వేసుకున్నా గంట పైమాటే. అదీ ఎవరి పావూ చావకుండా ఉంటేనే! చచ్చిన పావు మళ్లీ మొదటి నుంచి బయల్దేరాలి.

పదేళ్లు దాటిన పిల్లలుంటే ఇంకో పని చెప్పండి. గింజల్ని 64 సార్లు వేసి ఏది ఎన్నిసార్లు పడిందో కాగితం మీద గీతలు పెట్టమనండి. లెక్క ప్రకారం 2 దాదాపు 24 సార్లు, 1, 3 చెరో 16 సార్లు, చెమ్మ, అష్ట చెరో 4 సార్లు పడాలి. అచ్చంగా అలా పడవు. అరిగిన పక్క, అరగని పక్క ఒక్కలా ఉండవు కదా! తేడా ఎందుకొచ్చిందని పిల్లలే అడుగుతారు. సంభావ్యత పాఠం పుస్తకంలో కంటే ఇక్కడే బాగా ఎక్కుతుందని నా నమ్మకం.

ఇద్దరే ఉంటే వామనగుంటలు: 14 గుంటలు, గుంటకు 5 చొప్పున 70 గింజలు. కొన్ని ఇళ్లలో 4 చొప్పున 56. చెక్కపలక అక్కర్లేదు, 14 సున్నాలు గీస్తే చాలు. కాస్త పెద్దవాళ్లకు పులిజూదం: 3 పులులు, 15 మేకలు.

కూర్చుని ఆడే ఆటలతోనే సరిపోదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 8 గళ్ల తొక్కుడుబిళ్లకు సుద్దముక్క, ఓ పెంకు ఉంటే చాలు. ఎండాకాలం కాబట్టి పొద్దున్నే, లేదా చల్లబడ్డాక.

వీటికి డబ్బు ఖర్చు లేదు గానీ పెద్దవాళ్ల సమయం ఖర్చవుతుంది. నియమాలు తెలియని పిల్లలకు గింజలిచ్చి పొమ్మంటే పావుగంటలో వదిలేస్తారు. మొదటి ఆట మీరో, అమ్మమ్మో, తాతయ్యో పక్కన కూర్చుని ఆడాలి. రెండో ఆటకు మీరు అక్కర్లేదు. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే మాత్రం ఆట అయ్యాక గింజలన్నీ లెక్కపెట్టి పైన పెట్టేయండి. ఒక్కటి నోట్లోకి పోయినా గొంతుకు అడ్డం పడొచ్చు.