అవ్వ ఎవరు?

కడప పక్క పల్లెలో ‘అవ్వ పిలుస్తాంది’ అంటే అమ్మమ్మ పిలుస్తోందని. జగిత్యాల పక్క పల్లెలో ‘అవ్వ పిలుస్తుంది’ అంటే కన్నతల్లి పిలుస్తోందని. మాట ఒకటే, నడుమ ఒక తరం తేడా.

సీమలో చాలా ఇళ్లలో నాన్న తల్లి జేజి, అమ్మ తల్లి అవ్వ. కోస్తాకొస్తే ఇంట్లో ఉన్నావిడ అమ్మమ్మ, నాయనమ్మ, మామ్మ, బామ్మ. అవ్వ మాత్రం వీధిలో మనిషి. గంపలో ఆకుకూరలు తెచ్చే అవ్వ, గుడి మెట్ల మీద కూర్చున్న అవ్వ. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న కథలోని ముసలామె కూడా అవ్వే. వినకూడనిది విన్నప్పుడు ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ‘అవ్వ!’ అనేదీ ఈ మాటే.

బామ్మగారు అంటాం, మామ్మగారు అంటాం. అవ్వగారూ అని ఎవరినైనా పిలవగా కోస్తాలో నేను వినలేదు. ‘గారు’ ఎవరికి దక్కిందో, ఎవరికి దక్కలేదో చూస్తే కులం, కలిమి రెండూ కనబడతాయి. ఇన్నేళ్లూ ఎవరికీ అది లోటుగా తోచకపోవడమే నాకు బాధ.

ఆ గౌరవం తెలంగాణలో ఉంది. పెళ్లయిన ఆడపిల్లకు పుట్టిల్లంటే అవ్వగారిల్లు. బతుకమ్మకు పోయేది అక్కడికే. దెబ్బ తగిలితే నోట వచ్చేది ‘అవ్వో!’. మల్లవ్వ, రాజవ్వ, ఎల్లవ్వ పుట్టినప్పుడు పెట్టిన పేర్లే. ముసలితనంతో పని లేదు. లంబాడిపల్లి గంగవ్వ 2020లో బిగ్‌బాస్‌కు వెళ్లినప్పుడు బయటి ప్రాంతాల వాళ్లకు ఆ పేరులో నాయనమ్మే వినబడి ఉంటుంది. ఉత్తర కర్ణాటకలోనూ అవ్వ అంటే అమ్మే. తమిళులు తమ ప్రాచీన కవయిత్రిని ఔవైయార్ అని ఈ కుదుటి మాటతోనే గౌరవించుకున్నారు.

ఈ తేడా తెలియకపోతే చిక్కే. హైదరాబాద్ ఆసుపత్రి కౌంటర్ దగ్గర ‘తోడు ఎవరొచ్చారు బాబూ?’ అని అడిగితే ‘మా అవ్వ’ అన్నాడు ఓ కుర్రాడు. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తా ‘నాయనమ్మ’ అని రాసేసుకుంది. వెనకే నిలబడ్డ నలభై ఏళ్ల తల్లి ‘నేనే అవ్వను, బిడ్డా’ అని చెప్పాక కొట్టేసి మళ్లీ రాసింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు అవ్వ పింఛను మాట కూడా. రాజకీయ సభల్లో ‘అవ్వాతాతలు’ జంటపదమై కూర్చుంది. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి గుమ్మంలో నిలబడి ‘అవ్వా, వేలు పెట్టు’ అంటాడు. ఆ డబ్బు ఆమె చేతిలోనే పడుతుంది, మామూలుగా ఆమె వేలు పడ్డాకే పడుతుంది. నాకైతే ఆ పిలుపులో చిన్నచూపు వినబడదు.

తెలంగాణ పట్నాల్లో మాత్రం తల్లిని అవ్వా అని పిలిచే పసినోళ్లు తగ్గిపోతున్నారు. అమ్మ, మమ్మీ వచ్చేశాయి. తండ్రి ఊరికి ఫోన్ చేసి ‘అవ్వా, తిన్నవా?’ అని అడుగుతుంటే పక్కనున్న పిల్ల ఫోన్ లాక్కుని తనూ ‘అవ్వా’ అంటుంది. తండ్రికి ఆమె అమ్మ; పిల్లకు నాయనమ్మ. కడపలో ఎప్పుడో స్థిరపడిన పై తరం అర్థం కూకట్‌పల్లి ఫ్లాట్లలోకి ఇలా ఇంకో దారిన వస్తోంది.