కుందేలు ఏడ్చినట్టు ఊదితే

టెక్సస్‌లో మార్బుల్ ఫాల్స్ ఊరి పక్కన మాకు 12 ఎకరాల చెలక, 16 మేకలు ఉన్నాయి. పోయిన చలికాలం మూడు పిల్లలు పోయాయి. గొంతుల మీద పంటిగాట్లు చూసి, పక్క రాంచ్ పెద్దాయన “కయోటీ” అని ఒక్క మాటన్నారు. అది మన నక్కకు దగ్గరి చుట్టం. తోడేళ్లను మనుషులు చాలాచోట్ల తుడిచిపెట్టాక, అమెరికాలో హవాయి తప్ప అన్ని రాష్ట్రాలకూ పాకింది.

మర్నాడు తెల్లారకముందే ఆయన వెంట దాని వేటకు వెళ్లాను. జేబులోంచి, కుందేలు ఏడ్చినట్టు కూసి కయోటీని రప్పించే వేలెడు గొట్టం తీశారు. లోపల సన్నాయి పీకలా సన్నటి రేకు. 1950ల్లో ఈ ఊరి బర్నమ్ అన్నదమ్ములు, మర్రీ, విన్‌స్టన్, ఇలాంటివి తయారుచేసి అమ్మేవారు. ఇప్పుడు రిమోట్‌తో నడిచే స్పీకర్లొచ్చాయి కానీ పెద్దాయన వాటిని ముట్టుకోరు.

ఊదే ముందు చిటికెడు పిండి గాల్లోకి వదిలారు. అది మా వెనక్కి తేలిపోయింది. “చెవిని మోసం చెయ్యొచ్చు, ముక్కును చెయ్యలేం” అన్నారు. కయోటీ కూత వినిపించిన చోటికి తిన్నగా రాదు. చుట్టూ తిరిగి, మన వాసన సోకే వైపు చేరి, నిజమేదో తేల్చుకుంటుంది. అందుకే ఆ వైపు బయలు కనపడేలా, సీడరు చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాం.

మొదట మెల్లగా ఊదారు. పట్టుబడ్డ కుందేలు ఏడుపు అచ్చం చంటిపిల్ల ఏడుపే. నాకు ఒళ్లు జలదరించింది. అరనిమిషం ఊది, రెండు నిమిషాలు ఆపి, మళ్లీ. చూపు తప్ప ఏదీ కదలకూడదు. ఇదంతా చూస్తుంటే మా తాత గుర్తొచ్చాడు. అనంతపురం దగ్గర ఆయన కౌజు పిట్టల కోసం దీమం పిట్టను పెంచేవాడు; బోనులో అది కూస్తే అడవి పిట్ట పోట్లాటకొచ్చి ఉచ్చులో పడేది. మన దేశంలో ఇప్పుడు అది నేరం, నక్కను వేటాడినా నేరమే.

పావుగంటకు బూడిదరంగు వీపొకటి గడ్డిలో మెరిసింది. ఆయన నోటితో చిన్నగా “వఫ్” అన్నారు. కయోటీ టక్కున ఆగి తలెత్తింది. తుపాకి గురిలో ఉంది. కానీ దాని వెనకే మా కంచె, అవతల మేకలు. ఆయన తుపాకి దించేశారు. మరుక్షణం దానికి మా వాసన తగిలి మాయమైంది. ఆ రోజు నుంచీ ఆయన మీద నా గౌరవం రెట్టింపైంది.

ఒకసారి మోసం కనిపెట్టిన కయోటీ ఆ కూతకు మళ్లీ అంత తేలిగ్గా రాదట. జనవరి, ఫిబ్రవరి జతకట్టే కాలం గనక అప్పుడు కయోటీలాగే ఊళ వేసి పిలుస్తారు. ఎన్నిటిని కాల్చినా, మిగిలినవాటికి తిండి దండిగా దొరికి పిల్లలు ఎక్కువ బతుకుతాయి. గొట్టం ఒక్కటే మందను కాపాడదు.

వేసవికి గ్రేట్ పిరనీస్ జాతి కాపలా కుక్కను తెచ్చుకున్నాం. ఆ తర్వాత ఒక్క పిల్లా పోలేదు. ఇక్కడ మేకలు పెంచుతున్న మనవాళ్లకు చెప్పేదొకటే: ముందు కాపలా కుక్క, రాత్రికి గట్టి దొడ్డి చూసుకోండి. గొట్టం ఆ తర్వాత.